పాత హాలోజెన్ హెడ్‌లైట్‌లో ఎల్‌ఈడీ బల్బు వేసుకోవచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీది అనంతపురం. ఏడేళ్ళ నాటి హ్యాచ్‌బ్యాక్, అందులో హెచ్4 హాలోజెన్ బల్బులు. వారానికి రెండుసార్లు రాత్రిపూట కదిరి దాకా వెళ్ళొస్తారు. ఎదురుగా కొత్త కారు వస్తే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి, మీ బండి వెలుతురేమో కిరసనాయిలు బుడ్డి మాదిరి ఉంది. ఆన్‌లైన్‌లో "20,000 ల్యూమెన్లు, 200 వాట్లు" అని (ల్యూమెన్ అంటే వెలుతురు కొలత) రాసిన ఎల్‌ఈడీ బల్బుల జత 3,500 రూపాయలకు దొరుకుతోంది. అది వేసుకోవచ్చా, లేకపోతే బండి మార్చి ఎల్‌ఈడీ ఉన్న టాప్ మోడల్ తీసుకోవాలా అని అడిగారు. అరవై దాటిన నాన్నగారు కూడా ఆ బండే నడుపుతారని చివర్లో ఒక మాట రాశారు. దాని సంగతీ చెప్తాను.

జవాబు: ఆ బల్బులు వేయొద్దు. బండి మార్చాల్సిన పనీ లేదు. ముందు ఉన్న హెడ్‌లైట్‌కు కరెంటు సరిగ్గా అందుతోందో లేదో చూపించండి, గ్లాసు పాలిష్ చేయించండి, లైటు యాంగిల్ సెట్ చేయించండి. మూడూ కలిపి రెండు మూడు వేలల్లో అయిపోతాయి. పదిలో ఎనిమిది బండ్లకు నా దగ్గర అంతకుమించి పని పడదు.

నాకు కర్నూలులో నంద్యాల చెక్‌పోస్టు వైపు చిన్న ఎలక్ట్రికల్ షెడ్డు ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఎల్‌ఈడీ అంటే పడదనుకోకండి, నా సొంత కారుకు కంపెనీ ఎల్‌ఈడీలే ఉన్నాయి. కంపెనీ ఎల్‌ఈడీ వేరు, హాలోజెన్ గూట్లో దూర్చిన ఎల్‌ఈడీ వేరు. అదెందుకో కొంచెం వివరంగా చెప్తాను.

మీ హెచ్4 బల్బు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. గాజును వేళ్ళతో ముట్టుకోకండి, చేతి జిడ్డు అంటితే అక్కడ వేడెక్కి తొందరగా పోతుంది. లోపల రెండు ఫిలమెంట్లు కనిపిస్తాయి. ఒకటి 60 వాట్లు, హైబీమ్‌కు. రెండోది 55 వాట్లు, లోబీమ్‌కు. లోబీమ్ ఫిలమెంటు కింద చెంచా ఆకారంలో చిన్న రేకు గిన్నె ఉంటుంది. అసలు మర్మమంతా ఆ గిన్నెలో ఉంది. ఫిలమెంటు నుంచి కిందికి పోయే వెలుతురును అది ఆపేస్తుంది. పైకి పోయిన వెలుతురు మాత్రమే రిఫ్లెక్టర్ (బల్బు చుట్టూ ఉండే వెండి పూత డొప్ప) పైసగానికి తగిలి, వంగి, రోడ్డు మీద పడుతుంది. ఎదుటివాడి కళ్ళలోకి పోవాల్సిన వెలుతురు పుట్టినచోటే ఆగిపోతుందన్నమాట. మనం ఎడమపక్క నడుపుతాం కాబట్టి గిన్నె అంచును ఒకవైపు కొంచెం వాలుగా కోస్తారు. అందుకే గోడ మీద చూస్తే మన లోబీమ్ గీత, అంటే వెలుగు ఆగి చీకటి మొదలయ్యే అంచు, కుడివైపు చదునుగా ఉండి, ఎడమవైపు కొద్దిగా పైకి లేస్తుంది. కుడివైపు ఎదుటి బండి, ఎడమవైపు రోడ్డు అంచు, నడిచిపోయే మనిషి.

రిఫ్లెక్టర్‌లోని ప్రతి వంపూ ఆ సన్నటి ఫిలమెంటు ఉండే చోటును బట్టి తయారు చేసిందే. అర మిల్లీమీటరు జరిగినా కాంతి పడే చోటు మారిపోతుంది. ఎల్‌ఈడీ బల్బులో ఫిలమెంటు ఉండదు. ఒక పలక, దానికి అటోవరస ఇటోవరస పసుపు చిప్పులు. ఫిలమెంటు చుట్టూతా వెలిగితే ఇవి రెండు పక్కలకే వెలుగుతాయి. అమ్మేవాళ్ళు పలకకు ఒక ఉత్తుత్తి గిన్నె కూడా అతికిస్తారు. కానీ పలక మందం, చిప్పుల వెడల్పు, గిన్నె ఉన్న చోటు ఏవీ రిఫ్లెక్టర్ లెక్కకు సరిపోవు. ఫలితంగా కాంతి ఎక్కువే వస్తుంది, పడాల్సినచోట మాత్రం పడదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. 2018 ప్రాంతంలో నేనూ ఆ బల్బులు అమ్మాను. నెలకు పదిహేను ఇరవై జతలు పోయేవి, మంచి లాభం. డోన్ నుంచి ఒక కుర్రాడు వచ్చి ఒక జత వేయించుకున్నాడు. షెడ్డు ముందు ఆన్ చేస్తే మట్టిలో చీమ కూడా కనిపించింది, "సూపర్ అన్నా" అని వెళ్ళాడు. పది రోజులకు మళ్ళీ వచ్చాడు, బంపరు ఎడమ మూల లేచిపోయి ఉంది. "ముందర పెండ్లి పందిరి మాదిరి వెలుతురుండాది అన్నా, ట్రాక్టరు ట్రాలీ మాత్రం మీదికొచ్చేదాకా కనపల్యా" అన్నాడు. మనిషికేమీ కాలేదు, బతికిపోయాం ఇద్దరమూ. ఆ రాత్రే బండిని గోడ ముందు పెట్టి హాలోజెన్, ఎల్‌ఈడీ మార్చి మార్చి చూశాను. హాలోజెన్‌కు గీత స్పష్టంగా ఉంది, గీత కిందే చిక్కటి వెలుగు. ఎల్‌ఈడీకి గీతే లేదు. కింద నేల దగ్గర తెల్లటి మడుగు, గీత ఉండాల్సిన చోట పల్చటి వెలుగు, దాని పైన గోడంతా చెదిరిన కాంతి. మడుగంటే బండి ముందు పది పదిహేను మీటర్లు. అక్కడ ఎంత వెలుగుంటే కంటిపాప అంత ముడుచుకుపోతుంది, దూరం అంత నల్లగా కనిపిస్తుంది. డ్రైవరుకు మాత్రం లైటు అదిరిపోయిందనే అనిపిస్తుంది. మోసం అక్కడే ఉంది. మిగిలిన సరుకు వాపసు ఇచ్చేశాను, సగం డబ్బులే తిరిగొచ్చాయి.

ఇక ఆ 20,000 ల్యూమెన్ల మాట. పెట్టె మీద "200 వాట్లు" అని రాసిన బల్బు వైరుకు క్లాంప్ మీటరు (కరెంటు కొలిచే పటకారు) తగిలించి నేను చూసింది 2.1 ఆంపియర్లు, 13.5 వోల్టుల దగ్గర. గుణిస్తే 28 వాట్లు. మంచి ఎల్‌ఈడీ చిప్పు వాటుకు 100 నుంచి 150 ల్యూమెన్లు ఇస్తుంది. ఆ లెక్కన మహా అయితే నాలుగు వేలు, అదీ చిప్పు చల్లగా ఉన్నప్పుడు. నిజంగా 20,000 రావాలంటే ఒక్కో బల్బు 130 వాట్ల పైచిలుకు తాగాలి. మా షాపులో టంకం పెట్టే ఐరన్ 25 వాట్లు. బొటనవేలంత సామానులో అలాంటి ఐరన్లు అయిదు కలిపి పెడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. అన్నట్టు మీ హెచ్4 లోబీమ్ ప్రమాణం సుమారు 1,000 ల్యూమెన్లు, హైబీమ్ 1,650. ఆ వెయ్యి సరైనచోట పడితే కదిరి రోడ్డుకు సరిపోతుంది.

వేడి గురించి చాలామంది పొరపడతారు. ఎల్‌ఈడీ వేడెక్కదు అంటారు. కాంతితో పాటు ముందుకు వేడి రాదు, అంతే. ఆ వేడంతా చిప్పు వెనకాల పుడుతుంది, దాన్ని బయటికి లాగకపోతే చిప్పు వెలుగు తగ్గుతుంది, చివరికి కాలిపోతుంది. అందుకే వెనక అల్యూమినియం రెక్కలు, చిన్న ఫ్యాను. మన దగ్గర మే నెలలో ఎండే 42, 43 డిగ్రీలు. టోల్‌గేటు దగ్గర బండి ఆగినప్పుడు బానెట్ కింద ఎంత ఉడుకుతుందో చెయ్యి పెడితే తెలుస్తుంది. పైగా దుమ్ము. బేతంచెర్ల నుంచి వచ్చిన ఒక బండిలో ఏడు నెలలకే పోయిన బల్బును విప్పాను. ఫ్యాను రెక్కల మధ్య నాపరాళ్ళ పొడి పిండి కూరినట్టు గట్టిగా పట్టేసి ఉంది, గోటితో గీకితే పెచ్చులుగా ఊడింది. "30,000 గంటల లైఫ్" అని పెట్టె మీద రాసిందీ దాని మీదే.

ఇంకో చికాకు. ఎల్‌ఈడీ బల్బు తోక పొడుగు, హెడ్‌లైట్ వెనక రబ్బరు మూత పట్టదు. ఫిట్టింగ్ చేసేవాళ్ళు మూతను బ్లేడుతో కోసేస్తారు, లేదా తీసి డిక్కీలో పడేస్తారు. వానాకాలం వచ్చేసరికి రిఫ్లెక్టర్ మీద తేమ, దుమ్ము కలిసి మచ్చలు పడతాయి. తర్వాత మళ్ళీ హాలోజెన్‌కు వచ్చినా పాత వెలుగు రాదు. బల్బుకు కరెంటు సర్దే చిన్న సర్క్యూట్‌ను డ్రైవర్ అంటారు, అది చవకదైతే ఎఫ్‌ఎం రేడియోలో గుర్రుమనే శబ్దం కూడా వస్తుంది.

చట్టం మాట కూడా ఒక్క ముక్క చెప్పాలి. కంపెనీ ఆమోదం తీసుకున్న లైటులో వేరే రకం బల్బు పెడితే అది మార్పు కిందికి వస్తుంది. మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కోదానికి యజమానికి 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు, జైలు శిక్షకు కూడా అందులో చోటుంది. రోడ్డు మీద ఎంతమందిని పట్టుకుంటున్నారు అంటే నవ్వొస్తుంది, అది వేరే సంగతి. కానీ రేపు రాత్రిపూట ప్రమాదం జరిగితే ఎదుటి లాయరుకు ఆ బల్బే చాలు.

మంచి కంపెనీ ఎల్‌ఈడీ బల్బులు కూడా పనికిరావా అని అడుగుతారు. 2020లో జర్మనీలో ఓస్రామ్ వాళ్ళ బల్బుకు మొదటిసారి రోడ్డు మీద వాడే అనుమతి వచ్చింది. అదెలా వచ్చిందో గమనించండి. ఫలానా మోడల్ కారు, ఫలానా హెడ్‌లైట్ అని ఒక్కొక్కటీ పరీక్షించి, పాసైన కార్ల జాబితా ఇచ్చారు. జాబితాలో లేని కారుకు అదే బల్బు అక్కడ కూడా నిషిద్ధమే. అంటే పరీక్ష బల్బు ఒక్కదానికే కాదు, బల్బూ హెడ్‌లైటూ కలిసిన జోడీకి. ప్రొజెక్టర్ లైటు (ముందు గుండ్రటి లెన్సు ఉండేది) ఉన్న బండ్లకు కొంత నయం, లోపలి రేకు తెర గీతను కాపాడుతుంది కాబట్టి ఎదుటివాడికి బాధ తక్కువ. అయినా దూరం వెలుగు తగ్గడం వాటిలోనూ చూశాను. మీది రిఫ్లెక్టర్ కాబట్టి ఆ చర్చ మీకు అక్కర్లేదు.

ఇప్పుడు మీ బండికి ఏం చేయాలి. మొదట వోల్టేజి. ఇదొక్కటే చదివి మిగతాది వదిలేసినా పర్వాలేదు. ఇంజను ఆన్‌లో పెట్టి, లోబీమ్ వేసి, బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 14 వోల్టులు చూపిస్తుందనుకోండి. అదే మీటరును బల్బు వెనక కప్లర్ పిన్నుల మీద పెట్టండి. మీలాంటి ఏడేళ్ళ బండ్లలో నాకు తరచూ కనిపించేది 12.1, 12.2. మిగతా కరెంటు సన్నటి వైరులో, స్విచ్చులో, తుప్పు పట్టిన ఎర్త్‌లో వేడిగా పోతోంది. రెండు వోల్టులే కదా అనుకోవద్దు. హాలోజెన్‌లో వోల్టేజి కొంచెం తగ్గితే కాంతి చాలా ఎక్కువగా పడిపోతుంది. పది శాతం వోల్టేజి తగ్గితే దాదాపు ముప్ఫై శాతం వెలుగు పోతుంది. 12.1 ఉన్నచోట 13.6 ఇస్తే అదే బల్బు సుమారు ఒకటిన్నర రెట్లు వెలుగుతుంది. ఇది మ్యాజిక్ కాదు, ఫిలమెంటు స్వభావమే అంత.

దానికి మందు రిలే కిట్టు. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు. బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసి మందపాటి వైరు నేరుగా రిలేకు, అక్కడి నుంచి బల్బుకు. పాత స్విచ్చు రిలేను మీట లాగా నొక్కుతుంది, అంతే. ఎర్త్ పాయింటు దగ్గర పెయింటు గీకి, బోల్టు గట్టిగా బిగించి, గ్రీజు పూయాలి. ఎర్త్ సరిగ్గా లేకుండా రిలే వేసేవాళ్ళున్నారు, అది కుండకు చిల్లు పూడ్చకుండా నీళ్ళు పోసినట్టే. వేయించాక మీ కళ్ళ ముందే మళ్ళీ మీటరు పెట్టి చూపించమనండి. ఒక్క తంటా ఉంది. పూర్తి వోల్టేజి అందితే బల్బు ఆయుష్షు కొంత తగ్గుతుంది, ఏడాదికో ఏడాదిన్నరకో మార్చుకోవాల్సి రావచ్చు. నాలుగైదు వందల ఖర్చు, నాకైతే అది నష్టంగా అనిపించదు.

కిట్టు వేస్తున్నాం కదా అని 100/90 వాట్ల బల్బులు వేయమని అడుగుతారు చాలామంది. నేను వేయను. ఆళ్ళగడ్డ నుంచి ఒక జీపు వచ్చింది, హోల్డరు కరిగి బల్బుకు అతుక్కుపోయి, కత్తితో కోసి తీయాల్సి వచ్చింది. రిఫ్లెక్టర్ పైభాగం వెండి పూత మాడి గోధుమ రంగుకు తిరిగింది. 60/55 మంచి కంపెనీది చాలు. నీలం రంగు పూసిన హాలోజెన్లు కూడా వద్దు, ఆ పూత కాంతిని మింగేయడం తప్ప వేరే పని చేయదు.

రెండోది గ్లాసు. అది గ్లాసు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. మన ఎండకు దాని పైపూత పోయి పసుపెక్కుతుంది. నీడ లేని చోట పార్కింగ్ అయితే ఇంకా ముందే. టూత్‌పేస్ట్ రుద్దే వీడియోలు చూసే ఉంటారు, అది రెండు వారాల ముచ్చట. 800, 1000, 2000 నంబరు కాగితాలతో వరసగా నీళ్ళు పోస్తూ రుద్ది, పాలిష్ చేసి, ఆ పైన యూవీ క్లియర్ కోటు వేయాలి. కోటు వేయకపోతే ఆరు నెలలకే మళ్ళీ పసుపు.

మూడోది యాంగిల్. దీన్ని ఎవరూ పట్టించుకోరు, డబ్బులు రావు కాబట్టి మెకానిక్‌కూ ఆసక్తి ఉండదు. ఇంట్లోనే చూసుకోవచ్చు. చదునైన నేల, ఎదురుగా గోడ. టైర్లలో గాలి సరిగ్గా పట్టించండి, డ్రైవరు సీట్లో మనిషి కూర్చోవాలి. డ్యాష్‌బోర్డు మీద 0 నుంచి 3 అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది, అది సున్నా మీద పెట్టండి. బండిని గోడకు ఆనించి బల్బు నడిమి ఎత్తు సుద్దముక్కతో గోడ మీద గుర్తు పెట్టండి. సరిగ్గా వెనక్కి వచ్చి, హెడ్‌లైట్‌కూ గోడకూ మధ్య 5 మీటర్లు ఉండేలా ఆపి లోబీమ్ వేయండి. వెలుగు గీత ఆ గుర్తుకు 5 సెంటీమీటర్లు కింద ఉండాలి. 10 మీటర్ల దూరమైతే 10 సెంటీమీటర్లు. కొన్ని బండ్లకు ఇది కొద్దిగా మారుతుంది, హెడ్‌లైట్ మీద లేబులు ఉంటే అందులో శాతం రాసి ఉంటుంది. ఒక లైటు చూసేటప్పుడు రెండోదానికి గోనెపట్ట అడ్డం పెట్టండి, ఒకటి రెండు నిమిషాలే. హాలోజెన్ వేడికి పట్ట కమిలి వాసన వస్తుంది, నేనొకసారి కాల్చుకున్నాను.

అయిదు సెంటీమీటర్లు ఎందుకంత ముఖ్యమో లెక్క చెప్తా. లైటు నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున దిగుతూ పోతే గీత 65 మీటర్ల దగ్గర రోడ్డును తాకుతుంది. గోడ మీద ఇంకో 5 సెంటీమీటర్లు కిందికి దిగిపోయి ఉంటే 32 మీటర్ల దగ్గరే తాకుతుంది, అంటే చూపు సగానికి సగం తెగిపోయింది. అదే 5 పైకి ఉంటే నేలను తాకనే తాకదు, ఎదుటివాడి కళ్ళలోకే. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 22 మీటర్లు పోతాం. చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్ళి, బండి ఆగేసరికి దగ్గర దగ్గర 60 నుంచి 70 మీటర్లు. లోబీమ్ మీద 80 దాటితే వెలుగు కంటే ముందు మనమే పోతున్నామని అర్థం. కదిరి రోడ్డు మీద గొర్రెల మందకూ, వెనక లైటు లేని ట్రాక్టరుకూ ఈ లెక్క తెలియదు.

వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో మూటలు ఉంటే బండి తోక దిగి ముక్కు లేస్తుంది. అప్పుడు ఆ చక్రాన్ని 2 దగ్గరికో 3 దగ్గరికో తిప్పాలి. అది దేనికో తెలియని ఓనర్లు నా దగ్గరికి రోజూ వస్తారు. ఏసీదేమో అనుకున్నానని ఒకాయన అన్నాడు.

సరే, కొత్త కార్ల సంగతి. ఎల్‌ఈడీ హెడ్‌లైట్ మరీ కొత్త విషయమేమీ కాదు. తెల్ల కాంతికి మూలం నీలి ఎల్‌ఈడీ, దాని మీద పసుపు ఫాస్ఫరు పూత పూస్తే తెలుపు వస్తుంది. నీలి ఎల్‌ఈడీ సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో నోబెల్ వచ్చింది. లోబీమ్‌కు ఎల్‌ఈడీ పెట్టి అమ్మిన మొదటి కారు 2007లో వచ్చిన లెక్సస్ ఎల్‌ఎస్ 600హెచ్. మన వైపు మాత్రం 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నడవడం మొదలైన ఆ రోజుల నుంచే మామూలు కుటుంబాల కార్లలో తెల్ల లైట్లు ఎక్కువగా చూస్తున్నాను. కంపెనీ నుంచి వచ్చే దాంట్లో చిప్పు, అద్దం, వేడి పోయే దారి అన్నీ ఒకదానికొకటి కొలిచి చేసినవి. గీత కత్తితో కోసినట్టుంటుంది. కరెంటు సగం కూడా తాగదు. వోల్టేజి తగ్గినా లోపలి డ్రైవరు సర్దుకుంటుంది కాబట్టి మీ బండికొచ్చిన జబ్బు దానికి రాదు.

మరి ఆ కొత్త కార్లే మన కళ్ళెందుకు పొడుస్తున్నాయి? కొంత రంగు. హాలోజెన్ 3,200 కెల్విన్ (కాంతి రంగు కొలత) దగ్గర పసుపుగా ఉంటే ఇవి 5,500 నుంచి 6,000 దగ్గర నీలం కలిసిన తెలుపు, కంటికి అది ఎక్కువ గుచ్చుకుంటుంది. కొంత ఎత్తు, ఎస్‌యూవీ లైటు మీ అద్దం ఎత్తుకు వస్తుంది. ఎక్కువ భాగం మాత్రం ఇందాకటి యాంగిల్ గొడవే. గీత అంత పదునుగా ఉన్నప్పుడు అది కిందున్నంతసేపు ఎవరికీ బాధ లేదు. బండి గుంతలో పడి లేచినా, బంపరు డెంటింగ్ చేసి లైటు మళ్ళీ సెట్ చేయకపోయినా, గీత పైనున్న చీకట్లోంచి మనం ఒక్కసారిగా దాని కింది వెలుగులో పడతాం. డిప్పర్ కొట్టారేమో అనిపించేది చాలాసార్లు అదే. హైబీమ్ వేసుకుని వచ్చే మహానుభావుల సంగతి నేను రాయను, రాస్తే బూతులొస్తాయి.

కెమెరాతో ఎదుటి బండిని గుర్తుపట్టి అంతమేర వెలుగు ఆర్పేసే మ్యాట్రిక్స్ లైట్లు 2013లోనే ఆడి ఏ8లో వచ్చాయి. గొప్ప వస్తువే. కానీ డివైడర్ మీద గన్నేరు చెట్లున్న మన హైవేలో కెమెరాకు ఎదుటి లైట్లు ఆలస్యంగా కనిపిస్తాయి. నా కస్టమర్లలో ఆటో హైబీమ్ ఉన్నవాళ్ళు సగంమంది ఆపేసి చేత్తోనే నడుపుతున్నారు.

ఎల్‌ఈడీ కోసమే టాప్ మోడల్ కొనాలంటే ఒకటి తెలుసుకోండి. చాలా వాటిలో బల్బు విడిగా మారదు. పోతే మొత్తం హెడ్‌లైటే. కర్నూలులోనే ఒకాయనకు మేక అడ్డమొచ్చి లైటు చెవి విరిగింది, వెలుగు బాగానే ఉంది, పట్టుకునే చెవి మాత్రమే లేదు. సర్వీస్ సెంటరులో కొత్తది 38,000 అన్నారు. ప్లాస్టిక్ వెల్డింగ్ చేసి, లోపలి నుంచి రేకు ముక్క అతికించి, గోడ ముందు సెట్ చేసి పంపాను, రెండేళ్ళయింది. వానాకాలం పొద్దున లోపల పల్చటి ఆవిరి కనిపిస్తే భయపడకండి, కాసేపు నడిపితే పోతుంది. నీళ్ళు నిలిచి అటూ ఇటూ ఊగుతుంటే మాత్రం వారంటీలో ఉండగానే తీసుకెళ్ళండి.

ఇక నాన్నగారి విషయం. ఎమ్మిగనూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు మా దగ్గర మూడుసార్లు బల్బులు మార్పించారు. ప్రతిసారీ అదే మాట, "వెలుతురు చాలట్లేదప్పా, ఎదుటి లైటు చుట్టూ సున్నాలు సున్నాలు కనిపిస్తాయి". నాలుగోసారి వచ్చినప్పుడు మీటరు పెడితే 13.7, గ్లాసు అద్దంలా ఉంది, గోడ మీద గీత కరెక్టు. బండికి ఏ జబ్బూ లేదు. "సార్, ఒకసారి కళ్ళు చూపించుకోండి" అన్నాను, కొంచెం కోపగించుకున్నారు. కంటిశుక్లం. ఆపరేషన్ తర్వాత వచ్చి టీ తాగించి వెళ్ళారు. శుక్లం ఉన్న కంట్లో కాంతి చెదురుతుంది, తెల్ల ఎల్‌ఈడీ ముందు ఆ బాధ మరీ ఎక్కువ. నాన్నగారికి దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయేమో అడగండి. ఔనంటే బల్బుల కంటే ముందు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, అంతవరకు రాత్రి బండి మీరే నడపండి.

మీ ఇద్దరికీ పనికొచ్చే ఖర్చులేని పని ఒకటుంది. ముందు అద్దం లోపలివైపు తుడవండి. బయట అందరూ తుడుస్తారు, లోపల డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి లేచిన ఆవిరి జిడ్డు పొరలా పడుతుంది. తడిగుడ్డ, ఆ తర్వాత పాత న్యూస్‌పేపరు. ఎదుటి లైటు పడినప్పుడు తెల్లగా పరుచుకునే వెలుగులో సగం ఆ జిడ్డుదే. ఎదురుగా లైటు కొడుతున్నప్పుడు దాన్ని చూడకుండా ఎడమవైపు తెల్లగీత చూస్తూ వేగం తగ్గించండి. కన్ను మళ్ళీ చీకటికి అలవాటు పడటానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆ కొన్ని సెకన్లలో వంద మీటర్లు గుడ్డిగా పోతాం.

పసుపు రంగు ఫాగ్ ల్యాంపులు వేయించుకోమంటారా అని కూడా అడిగారు. పసుపు కాంతి మంచును చీల్చుకుని పోతుందనేది సగం నమ్మకమే. మంచు బిందువులు పెద్దవి, అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. పసుపులో నీలం ఉండదు కాబట్టి కంటికి హాయిగా ఉంటుంది, అంతవరకే. అనంతపురంలో మంచు పట్టే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఆ డబ్బు రిలే కిట్టుకు పెట్టండి.

ఈ ఆదివారం మీ బండి కప్లర్ దగ్గర ఎన్ని వోల్టులు వచ్చాయో, అయిదు మీటర్ల దగ్గర గీత గుర్తుకు ఎంత కింద ఉందో చూసి ఇక్కడే రాయండి. 13కు పైన ఉండి కూడా చాలట్లేదంటే రిఫ్లెక్టర్ పూత పోయి ఉండొచ్చు. బల్బు తీసి ఆ రంధ్రంలోంచి టార్చి వేసి లోపలి ఫొటో ఒకటి పెట్టండి, చూసి చెప్తాను.